లెక్కల్లో పెద్దది, ఓడిపోతే చంటిపిల్ల

నిద్రలేని_అమ్మ:
మా పాపకి ఎనిమిదేళ్లు. భిన్నాలు, దశాంశాలు ఎవరూ నేర్పకుండానే చేసేస్తుంది. నా బాధ దాని గురించి కాదు. బొమ్మ గీస్తుంటే గీత కాస్త వంకర పోయినా చాలు, కాగితం చింపేస్తుంది. చదరంగంలో ఓడిపోతే ఒకటే ఏడుపు. తోటిపిల్లలతో ఆడటానికి వెళ్లి, రూల్స్ అన్నీ తనే పెట్టబోయి, మొహం వేలాడేసుకుని తిరిగొస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు సూర్యుడు ఆరిపోతే ఎలా అని భయం. అది సుమారు 500 కోట్ల ఏళ్ల తర్వాతి మాటమ్మా అంటే, "మరి అప్పుడుండే పిల్లలో?" అంటుంది. ఇంట్లో పెద్దవాళ్లేమో "అంత తెలివైన పిల్లకి ఈ మాత్రం తెలీదా" అని విసుక్కుంటారు. ఒక క్లాసు పైకి వేయించమని కొందరి సలహా. ఏం చేయమంటారు?

చాక్‌పీస్:
మీ పెద్దవాళ్ల మాటలోనే చిక్కుందండీ. తెలివి ముందుకు పరిగెత్తినంత మాత్రాన మనసు కూడా అంతే పెరగదు. 1991లో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, నిపుణులు కలిసి గిఫ్టెడ్ (వయసుకు మించిన తెలివి ఉన్న పిల్లలు) అనే మాటకు నిర్వచనం చెప్పుకున్నప్పుడు ఈ ఎగుడుదిగుడు ఎదుగుదలకే పెద్దపీట వేశారు. పన్నెండేళ్ల పిల్లలా ఆలోచించినా, ఏడుపు మాత్రం ఎనిమిదేళ్లదే. వేళ్లకూ ఎనిమిదేళ్లే కదా! మనసులో ఉన్న బొమ్మ చేతికి రాకపోతే కాగితం చిరుగుతుంది మరి.

సూర్యుడి లెక్క మళ్లీ చెప్పకండి, అది తనకి వచ్చు. "భయమేసిందా" అని అడిగి పక్కన పడుకోండి.

క్లాసు దాటిస్తే పిల్లలు మానసికంగా దెబ్బతింటారన్న భయానికి పరిశోధనల్లో పెద్దగా ఆధారం దొరకలేదు. కానీ అది పాఠం బోరు కొట్టే పిల్లలకి మందు, ఓటమికి ఏడ్చేవాళ్లకి కాదు. పాపకి ఇష్టం లేకపోయినా, పై క్లాసులో సొంత అక్కో అన్నో ఉన్నా ఆ ఆలోచన మానుకోండి. లెక్కల పీరియడ్‌కి మాత్రం పై క్లాసులో కూర్చోనిస్తారేమో అడిగి చూడండి.

పాత_ఫస్ట్‌ర్యాంకర్:
నన్ను చిన్నప్పుడు అందరూ జీనియస్ అనేవాళ్లు. ఆ పేరు పోతుందేమోనన్న టెన్షన్‌తో రాని పని జోలికే వెళ్లేవాణ్ణి కాదు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ పరిశోధకులు అచ్చం ఇదే చూపించారు: తెలివిని మెచ్చుకున్న పిల్లలు, కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలకంటే, ఒక్కసారి తప్పగానే తొందరగా డీలా పడ్డారు. మార్కులు ఎక్కువ చేసి చెప్పుకున్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. "తెలివైనదానివి" అనకండి, "ఈ ఎత్తు ఎలా తట్టింది" అని అడగండి.

ఇంకోటి. స్నేహితులు ఒకే ఈడువాళ్లే కావాలని ఎక్కడుంది? చదరంగానికి పదకొండేళ్ల అక్క, పరుగు పందేలకి తన క్లాసు పిల్లలు. అన్నిటికీ ఒక్కరే దొరకాలంటే కష్టం.

నిద్రలేని_అమ్మ:
చాలా థాంక్స్ అండీ. మరి చదరంగంలో నేను కావాలని ఓడిపోతే తప్పా? ఇంట్లో అందరూ అదే చేస్తున్నారు.

చాక్‌పీస్:
వద్దు, ఇట్టే పసిగట్టేస్తుంది. ఆట మొదట్లోనే, చెప్పే మరీ, మీ మంత్రిని పక్కన పెట్టి ఆడండి. మంత్రి ఎప్పుడు తిరిగి రావాలో తననే నిర్ణయించనివ్వండి. ఓడిన రోజు ఏడవనివ్వండి, మధ్యలో పాఠం చెప్పొద్దు.