పాట అమ్మేయాలా, నేనే పాడాలా?

ప్రశ్న: రామ్‌నగర్‌లో ఉంటాను. పగలు ఆఫీసు, రాత్రి గిటార్. నేను రాసిన పాట ఒకాయన అడుగుతున్నారు. అమెరికా కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ కూడా మొదట్లో పాటలు అమ్మాడట కదా?

జవాబు: అమ్మాడు తమ్ముడూ. ‘ఫ్యామిలీ బైబిల్’ని 50 డాలర్లకే ఇచ్చేశాడు. క్లాడ్ గ్రే పాడితే హిట్టయింది, రచయితగా ఈయన పేరే లేదు! ‘క్రేజీ’కి మాత్రం పేరు దక్కింది, 1961లో ప్యాట్సీ క్లైన్ పాడింది. సొంత గొంతుకి అసలు దశ తిరిగింది టెక్సస్‌కి వెళ్లిపోయాక, 1975లో, 42 ఏళ్లకి. పాట ఇవ్వు, హక్కులు రాసివ్వకు.

ఇంకో జవాబు: విల్లీ వాయించే మార్టిన్ కంపెనీ గిటార్ చూశారా? గీకి గీకి చెక్కకి ఇంకో బొక్క పడింది. అయినా మార్చడు, మొండిమనిషి.

ప్రశ్న వేసినవారు: థాంక్స్ అన్నా. కాగితం చూశాకే సంతకం. ఈలోగా మన హైదరాబాద్ లామకాన్ వేదిక మీద నేనే పాడేస్తా.