‘అక్షాంశం’లో ‘అక్షం’ అంటే ఏమిటి?

ప్రశ్న: అక్షాంశం అంటే మ్యాపులో అడ్డగీత అని బడిలో చెప్పారు, సరే. ఆ ‘అక్షం’ ఏమిటని మా అమ్మాయి అడిగితే తెల్లమొహం వేశాను. అక్షి అంటే కన్ను కదా, కంటికి కనిపించే అంశ అనుకోవచ్చా?

జవాబు: అక్షి కాదండీ, అక్షం. అంటే ఇరుసు, బండి చక్రాలకు ఉండేదే. ఇక్కడ భూమి తిరిగే ఇరుసు. అంశ అంటే డిగ్రీ. ఆ ఇరుసు ఉత్తరపు కొసను ఆకాశంలోకి పొడిగిస్తే, అది మన ఊరి దిగంతం నుంచి ఎన్ని డిగ్రీలు ఎత్తున ఉంటుందో అదే మన అక్షాంశం. ఆ కొసకు దాదాపు ఆనుకుని ధ్రువనక్షత్రం ఉంది కాబట్టి దాన్ని చూస్తే చాలు.

మన పాత సంస్కృత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం, దాని భూగోళాధ్యాయంలో ఈ శ్లోకం చూడండి:

మేరోరుభయతో మధ్యే ధ్రువతారే నభఃస్థితే ।
నిరక్షదేశసంస్థానాముభయే క్షితిజాశ్రయే ॥

మేరువు అంటే ఇక్కడ భూమికి ఇరుసులా ధ్రువం నుంచి ధ్రువానికి నిలిచిన కొండ. దాని రెండు కొసల్లోనూ ధ్రువతారలు నడినెత్తిన ఉంటాయి. నిరక్షదేశంలో ఉన్నవాళ్లకు రెండూ దిగంతాన్ని అంటుకుని ఉంటాయి. నిరక్షదేశం అంటే అక్షం ఎత్తే లేని చోటు, మన భూమధ్యరేఖ. తర్వాతి శ్లోకంలోనే ‘అక్షాంశకాః’ అన్న మాట వస్తుంది, మేరువు దగ్గర అవి తొంభై అని. మన పాఠ్యపుస్తకం మాట అక్కడిదే.

నాకు నచ్చింది ‘ధ్రువతారే’ అన్న ద్వివచనం. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి! దక్షిణ ధ్రువం దగ్గర చెప్పుకోదగ్గ చుక్క ఇప్పటికీ లేదు. పైగా ఆ గ్రంథం నాటికి మనం ఇప్పుడు ధ్రువుడంటున్న చుక్క కూడా ధ్రువానికి చాలా డిగ్రీల దూరంలో ఉండేది. భూమి ఇరుసు దాదాపు 26,000 ఏళ్లకొక చుట్టు చొప్పున దిశ మార్చుకుంటుంది మరి. ఇప్పుడు తేడా ఒక డిగ్రీ కన్నా తక్కువ. కాబట్టి శ్లోకకర్త కళ్లతో చూసి కాదు, లెక్క కట్టి చెప్పాడనే నా అభిప్రాయం. లెక్క మాత్రం తిరుగులేనిది.

ప్రశ్న: అయితే హైదరాబాద్‌లో ఎంత ఎత్తున వెతకాలి?

జవాబు: పదిహేడున్నర డిగ్రీలు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు. దిగంతం మీద ఒక పిడికిలి, దానిపైన ముప్పాతిక పిడికిలి. తిరుపతిలో పదమూడున్నర, ఢిల్లీలో ఇరవై ఎనిమిదిన్నర. ఉత్తరానికి సుమారు 111 కిలోమీటర్లు వెళ్తే ఒక డిగ్రీ పైకి లేస్తుంది. చుక్క ఎక్కడిదక్కడే ఉంటుంది, మన కాళ్ల కింద నేల వంపు తిరిగి ఉంది, అంతే. అన్నట్టు, ఆకాశంలో అన్నిటికన్నా మెరిసేది ధ్రువతారే అని చాలామంది వెతికి మోసపోతారు. అది ఓ మోస్తరు చుక్కే. సప్తర్షుల్లో తోక వైపు కాకుండా చతురస్రం వైపు చివరి రెండు చుక్కలు, క్రతువు, పులహుడు చూపించిన దారిన పోండి. అవి దిగంతం కిందకు పోయిన నెలల్లో శర్మిష్ఠను, అంటే ఇంగ్లీషు M ఆకారంలో కనిపించే చుక్కల గుంపును (కాసియోపియా) పట్టుకోండి.

ప్రశ్న: మా తమ్ముడి పెళ్లి మెల్‌బోర్న్‌లో. ధ్రువదర్శనం సంగతేంటి మరి?

జవాబు: అక్కడ ధ్రువుడు దిగంతానికి ముప్పై ఎనిమిది డిగ్రీలు కింద ఉంటాడు, కనిపించే ప్రశ్నే లేదు. అరుంధతి కూడా అక్కడ ఎప్పుడూ ఉదయించదు, రెండు మూడు డిగ్రీల్లో తప్పిపోతుంది. పురోహితుడు ఉత్తరం వైపు వేలు చూపించి మంత్రం చదివి కానిచ్చేస్తారు లెండి. ఇక్కడ పట్టపగలు ముహూర్తాలకు జరుగుతున్నదీ అదేగా!