జపాను బడిలో విదేశీ ఉపాధ్యాయులు జపనీస్ మాట్లాడకూడదా?

ప్రశ్న

జపానులోని ఒక చిన్న పట్టణంలో, మాధ్యమిక పాఠశాలలో, నేను ఏఎల్‌టీగా, అంటే ఆంగ్ల ఉపాధ్యాయులకు తోడుగా తరగతిలో ఉండే విదేశీ సహాయకుడిగా, రెండో ఏడాది పనిచేస్తున్నాను. చేరిన రోజే మా ఆంగ్ల ఉపాధ్యాయురాలు, పిల్లల ఎదుట జపనీస్ రానట్టే ఉండమని నన్ను కోరారు. ఆవిడ మాటకు ఆధారం లేకపోలేదు. ఆంగ్ల పాఠాన్ని ఆంగ్లంలోనే నడపడం మేలన్న ప్రభుత్వ పాఠ్యప్రణాళిక ఉన్నత పాఠశాలల్లో 2013 నుంచి, మాధ్యమిక పాఠశాలల్లో 2021 నుంచి అమల్లో ఉంది. అయితే పోయిన వారం, పిల్లలే బడిని ఊడ్చి తుడిచే సోజి వేళలో, మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు కళ్ళనీళ్ళతో నా దగ్గరకు వచ్చి, తన జట్టులో ఎవరూ తనతో మాట్లాడటం లేదని జపనీస్‌లో చెప్పాడు. వాడు చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది. నియమానికి కట్టుబడి ఆంగ్లంలో ఏదో అన్నాను. వాడు తల వంచి వెళ్ళిపోయాడు. ఈ నియమం పాఠం గంటకే పరిమితమా, బడిలో ఉన్నంతసేపూ పాటించవలసిందేనా?

జవాబు 1

నేను, విదేశీ యువతను బడుల్లో పనికి రప్పించే జపాను ప్రభుత్వ జెట్ కార్యక్రమం ద్వారా వెళ్ళి, ఏడాదికొకసారి ఒప్పందం పొడిగించుకుంటూ, అది అనుమతించే గరిష్ఠ గడువైన ఐదేళ్ళూ పనిచేశాను. బడిలో ఉన్నంతసేపూ పాటించవలసిందే అన్నది నా అభిప్రాయం. నలభై మంది దాకా కూర్చునే తరగతిలో, గంటకు ఒక్కొక్కరికీ నోరు విప్పే అవకాశం ఒకటి రెండు నిమిషాలకు మించి రాదు కాబట్టి, పిల్లలకు నిజమైన ఆంగ్లం ఎదురయ్యేది నడవలోనూ, తరగతి గదిలోనే అందరం కలిసి తినే క్యూషోకు భోజనం దగ్గరా మాత్రమే. మొదటి రెండేళ్ళు నా పక్కన కూర్చున్న పిల్లలు వేళ్ళతో చూపిస్తూ, బొమ్మలు గీస్తూ, తెలిసిన నాలుగు ముక్కలూ కూడదీసుకుని నాతో మాట్లాడేవారు. మూడో ఏడాది ఉప ప్రధానోపాధ్యాయునితో నేను జపనీస్‌లో మాట్లాడటం విన్నాక, అదే పిల్లలు ఆ శ్రమ మానేశారు. తమ ఆంగ్ల ఉపాధ్యాయులకు జపనీస్ వచ్చునని వారికి ఎలాగూ తెలుసు. ఆంగ్లం లేనిదే పని జరగని మనిషి ఆ బడిలో మనం ఒక్కరమే. ఆ అవసరాన్ని మన చేతులతో మనం తీసివేయకూడదు.

జవాబు 2

ఐదేళ్ళ అనుభవంతో చెప్పిన మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తున్నాను. 2020 నుంచి ఐదు, ఆరు తరగతులకు ఆంగ్లం మార్కులుండే పాఠ్యాంశమైంది. మూడు, నాలుగు తరగతులకు వారానికొక గంట పరిచయం ఉంటుంది. చాలా చోట్ల ఆ పాఠం నడిపేది తరగతి ఉపాధ్యాయులే. వారిలో ఎక్కువమందికి ఆంగ్లం బోధించే శిక్షణ లేదు. రేపటి పాఠం గురించి మేము మాట్లాడుకునేది విరామంలో దొరికే పది నిమిషాల్లో, అదీ జపనీస్‌లోనే. ఆ భాష రాకపోయినా, రానట్టు ఉన్నా, చదవమన్న వాక్యం చదివి పక్కకు తప్పుకోవడమే మన పని అవుతుంది. పొద్దున స్టాఫ్ రూమ్ సమావేశంలో చెప్పే మార్పులు, బల్లపై రాసే ప్రకటనలు, భూకంప కసరత్తు రోజున మైకులో వచ్చే సూచనలు, అన్నీ జపనీస్‌లోనే ఉంటాయి.

అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. తప్పులు వస్తాయని సిగ్గుపడకుండా పరాయి భాషలో మాట్లాడమని మనం రోజూ పిల్లలను అడుగుతున్నాం. పెద్దవాళ్ళు అలా మాట్లాడుతుండగా వారు ఎక్కడ చూస్తారు? అచ్చు పొడవు, ద్విత్వం వంటివి మన తెలుగు చెవికి సులువుగానే అందుతాయి గానీ, ఆసుపత్రికి వాడే ‘బ్యోఇన్’ అన్న మాటను నేను చాలాకాలం ‘బియోఇన్’ అని పలికేవాణ్ణి. దాని అర్థం సెలూన్. నాలుగో తరగతి పాప ఒకతి నన్ను ఆపి, రెండు మాటలూ విడివిడిగా మూడుసార్లు పలికించింది. నేను సరిగ్గా అన్న తరువాత, అంతవరకు తరగతిలో నోరు తెరవని ఆ పాప, తనకు రాని ఆంగ్ల మాట ఒకటి నా చేత చెప్పించుకుని పలికింది. నాకు జపనీస్ వచ్చునని తెలియడం వల్ల ఆ పిల్ల ఆంగ్లం తగ్గలేదు, అక్కడే మొదలైంది.

జవాబు 3

ముందుగా ఆ నియమం ఎవరు పెట్టారో తెలుసుకోండి. నాలాగా మధ్యవర్తి సంస్థ ద్వారా చేరినవారికి అది చాలాసార్లు సంస్థ షరతే. పనినంతా సంస్థకే అప్పగించే గుత్త ఒప్పందం ఉన్నచోట బడి ఉపాధ్యాయులు మనకు నేరుగా పని పురమాయించడానికి కూడా చట్టం ఒప్పుకోదు. నియమం మీ ఆంగ్ల ఉపాధ్యాయురాలిదే అయితే, ఆవిడతో మాట్లాడి మార్చుకోవచ్చు.

జవాబు 1 రాసినవారు మళ్ళీ

ఏడుస్తున్న పిల్లవాడి విషయంలో నేను వాదించను. అక్కడ ఏ నియమమూ నిలవదు. కానీ ఆ భారం మీ ఒక్కరిదే కాదన్నది మరువకండి. ప్రతి తరగతికీ బాధ్యత వహించే ఉపాధ్యాయులు, ఆరోగ్య గదిలో అందుకే శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు ఉంటారు. వాడు చెప్పింది ఆ రోజే వారికి చేరవలసింది. పాప సంగతి చదివాక ప్రాథమిక తరగతుల విషయంలో నా పట్టు కొంత సడలింది. మాధ్యమిక పాఠశాల భోజనం బల్ల దగ్గర మాత్రం నా మాట మార్చుకోను.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. నియమం మా ఆంగ్ల ఉపాధ్యాయురాలిదే. పాఠంలోనూ భోజనం దగ్గరా ఆంగ్లమే మాట్లాడతానని, సోజి వేళా స్టాఫ్ రూమ్‌లోనూ జపనీస్ మాట్లాడనివ్వమని నిన్న ఆవిడను అడిగాను. ఒక నెల చూద్దామన్నారు. పిల్లవాడి విషయం వాడి తరగతి ఉపాధ్యాయునికి ఈ ఉదయం చెప్పాను; నాలుగు రోజులు ఆలస్యం చేశానన్న బాధ నాకుంది. మధ్యాహ్నం మెట్ల దగ్గర వాణ్ణి కలిసి, ఆ రోజు నువ్వు చెప్పిందంతా నాకు అర్థమైందని జపనీస్‌లో అన్నాను. వాడు కాసేపు నా వైపు చూసి, రెండో చీపురు తెచ్చి నా చేతికిచ్చాడు.