బాక్సింగ్ హెవీవెయిట్ ఛాంపియన్లలో అందరికన్నా నాసి ఎవరు?

పదో కౌంట్:
గొప్ప ఛాంపియన్ ఎవరని అడిగితే చర్చ ఎప్పుడూ అలీ, జో లూయీస్ చుట్టూనే తిరుగుతుంది. అందుకే తిరగేసి అడుగుతున్నాను. ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ అందుకున్నవాళ్లలో అందరికన్నా బలహీనుడు ఎవరు?

బస్టర్ డగ్లస్ పేరు మాత్రం తేవద్దు, ముందే చెబుతున్నా. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో టైసన్‌ను పదో రౌండ్‌లో పడగొట్టినవాడు ఆ ఒక్క రోజు ఎవరినైనా కొట్టగలిగేవాడు. అక్టోబర్‌లో 246 పౌండ్లతో వచ్చి హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండ్‌కే పడిపోయాడంటే అది బద్ధకం. చేతగానితనం వేరు.

నా ఓటు చార్లెస్ మార్టిన్‌కి. 2015 నవంబర్‌లో క్లిచ్‌కోను ఓడించి ఫ్యూరీ బెల్ట్‌లు పట్టుకెళ్లాడు. బెల్ట్‌లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబిఎఫ్ తర్వాత ఆడమన్నది గ్లాజ్‌కోవ్‌తో. క్లిచ్‌కోతో రీమ్యాచ్ ఒప్పందం ఉంది కాబట్టి ఫ్యూరీకి ఆ మ్యాచ్ ఆడే వీలు లేదు. దాంతో కొద్ది రోజుల్లోనే ఐబిఎఫ్ వాళ్లు తమ బెల్ట్ వెనక్కి లాగేసుకున్నారు. ఆ ఖాళీ బెల్ట్ కోసం 2016 జనవరిలో మార్టిన్, గ్లాజ్‌కోవ్ తలపడ్డారు. మూడో రౌండ్‌లో గ్లాజ్‌కోవ్ కాలు జారి మోకాలు దెబ్బతింది, మార్టిన్ ఛాంపియన్ అయిపోయాడు. ఏప్రిల్‌లో లండన్ వెళ్లి జాషువా చేతిలో రెండో రౌండ్‌లో అవుట్. మూడు నెలలు కూడా నిండలేదు. గుద్ది గెలిచిందీ లేదు, నిలబెట్టుకున్నదీ లేదు.

పాత రీళ్లు:
ప్రీమో కార్నేరా పేరు లేకుండా ఈ చర్చా? ఆరున్నర అడుగుల మనిషి, 260 పౌండ్ల పైమాటే. వాపును చూసి బలుపనుకున్నారు, అంతే. వెనకాల ఉన్నది ఓనీ మాడెన్ లాంటి గ్యాంగ్‌స్టర్లు. అమెరికాలో దిగిన కొత్తలో గెలిచిన వాటిలో ఏది నిజం పోటీయో, ఏది ముందే కుదుర్చుకున్నదో ఇప్పటికీ తేలలేదు. 1933 జూన్‌లో షార్కీని ఆరో రౌండ్‌లో నాకౌట్ చేసి టైటిల్ కొట్టాడు. దాని మీదా అనుమానాలే. ఏడాది తిరక్కుండానే మాక్స్ బేయర్ చేతిలో పదిసార్లకు పైగా కిందపడ్డాడు.

సౌత్‌పా:
పడ్డాడు సరే, పడ్డ ప్రతిసారీ లేచాడు కదా సార్? పదకొండో రౌండ్‌లో రిఫరీ ఆపేదాకా లేస్తూనే ఉన్నాడు. షార్కీ కూడా "నేను కావాలని ఓడిపోలేదు" అనే చెబుతూ వచ్చాడు. పైగా కార్నేరా రెండుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. రోమ్‌లో ఉజ్కుదున్ మీద, మయామీలో టామీ లాఫ్రన్ మీద. మార్టిన్ ఒక్కసారైనా నిలబెట్టుకున్నాడా?

పాత రీళ్లు:
లాఫ్రన్ లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చినవాడు. అతని కంటే 86 పౌండ్లు ఎక్కువ బరువుండి కూడా కార్నేరా నాకౌట్ చేయలేక 15 రౌండ్లు లాగి పాయింట్ల మీద గట్టెక్కాడు. ఇది మీరు కార్నేరా పక్షాన చెబుతున్నారా, నా పక్షానా?

కట్‌మ్యాన్:
లియాన్ స్పింక్స్‌ను అందరూ మర్చిపోయినట్టున్నారు. 1978 ఫిబ్రవరిలో అలీని ఓడించేనాటికి అతను ఆడిన ప్రొఫెషనల్ మ్యాచ్‌లు ఏడంటే ఏడు, అందులో ఒకటి డ్రా. ఎనిమిదో మ్యాచ్‌కే ప్రపంచ ఛాంపియన్. ఏడు నెలలకు అలీయే తిరిగి తీసేసుకున్నాడు. ఆ మరుసటి ఏడాది కోయెట్జీ మొదటి రౌండ్‌లోనే పడేశాడు. 1981లో హోమ్స్ మూడో రౌండ్‌లో ముగించాడు. అలీతో ఆ ఒక్క రాత్రి తీసేస్తే హెవీవెయిట్‌గా చెప్పుకోవడానికి ఏం మిగిలింది?

పదో కౌంట్:
ఆ ఒక్క రాత్రి ఎందుకు తీసేయాలి? అలీకి 36 ఏళ్లు, సరిగ్గా ట్రైనింగ్ కూడా చేయలేదు, ఒప్పుకుంటా. అయినా 15 రౌండ్లపాటు అలీ మీదికి వెళ్తూనే ఉండటం మాటలా? స్పింక్స్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడు కూడా. బెల్ట్ ఎవరి మీద కొట్టాడో చూడండి, ఎవరికి పోగొట్టుకున్నాడో తర్వాత చూద్దాం. పోగొట్టుకోవడం అందరికీ ఉండేదే.

బెల్లు మోగింది:
అయితే మీ కొలబద్ద ప్రకారం అట్టడుగున ఉండాల్సింది కెన్ నార్టన్. తనతో తలపడకుండా స్పింక్స్ అలీతో రీమ్యాచ్‌కి వెళ్లాడని డబ్ల్యుబిసి అనే సంస్థ ఆ బెల్ట్ తీసి నార్టన్ చేతిలో పెట్టింది. రింగ్‌లో దిగి గెలుచుకున్నది కాదు. 1974లో ఫోర్‌మన్ మీద, 1976లో అలీ మీద, 1978లో హోమ్స్ మీద... మూడు టైటిల్ మ్యాచ్‌లూ ఓటమే. టైటిల్ పోరు ఒక్కటీ గెలవని ఛాంపియన్. మరి నార్టన్ మార్టిన్ కంటే నాసా? 1973లో అలీ దవడ విరగ్గొట్టిన మనిషి!

పదో కౌంట్:
ఇది మంచి దెబ్బే. బెల్ట్ ఎలా వచ్చిందన్నది ఒక్కటే చూస్తే నార్టన్‌కి అన్యాయం జరుగుతుంది. కాబట్టి ఇలా అంటాను. కెరీర్ మొత్తంలో ఆ బాక్సర్ సాధించిన అతి పెద్ద గెలుపు ఏది? నార్టన్‌కి అలీ ఉన్నాడు. స్పింక్స్‌కీ అలీయే. కార్నేరాకి షార్కీ. మార్టిన్‌కి జారిన కాలు ఉంది.

సౌత్‌పా:
హహ. చివరి వాక్యానికి లైక్.

పన్నెండో రౌండ్:
మీరంతా ఒక్కొక్క పేరు పట్టుకుంటున్నారు. నేనైతే ఒక కాలాన్నే పట్టుకుంటా. 1983 సెప్టెంబర్ నుంచి 1987 మార్చి దాకా డబ్ల్యుబిఎ అనే మరో సంస్థ బెల్ట్ చూడండి. కోయెట్జీ దగ్గర్నుంచి గ్రెగ్ పేజ్‌కి, పేజ్ నుంచి టోనీ టబ్స్‌కి, టబ్స్ నుంచి విదర్‌స్పూన్‌కి, అక్కడి నుంచి బోన్‌క్రషర్ స్మిత్‌కి, చివరికి టైసన్‌కి. మూడున్నరేళ్లలో ఇన్ని చేతులు! టైసన్ వచ్చేలోపు నిలబెట్టుకున్నది విదర్‌స్పూన్ ఒక్కడే, అదీ ఒక్కసారి, ఫ్రాంక్ బ్రూనో మీద.

విచిత్రమేంటంటే వీళ్లలో చాలామందికి టాలెంట్‌కి కొదవ లేదు. పేజ్ చేతుల వేగం, విదర్‌స్పూన్ కుడిచేతి దెబ్బ చూస్తే వీళ్లు ఎందుకు నిలవలేదా అనిపిస్తుంది. ఎక్కువమంది కెరీర్ మ్యాచ్‌లు ఏర్పాటు చేసే ప్రమోటర్ డాన్ కింగ్ గుప్పిట్లో ఉండేది. డబ్బు దగ్గర గొడవలు, మధ్యలో డ్రగ్స్. మ్యాచ్‌కి పొట్టతో దిగినవాళ్లూ ఉన్నారు. విదర్‌స్పూన్ అయితే ఏకంగా కింగ్ మీద కోర్టుకే వెళ్లాడు. ఆ రోజుల్లో అసలు ఛాంపియన్ ఎవరంటే అందరూ హోమ్స్ వైపే చూపించేవారు. ఈ బెల్ట్ రెండో వరసలో ఉండిపోయింది.

వీళ్లలో ఒకర్ని ఎంచమంటే స్మిత్ అంటాను. 1986 డిసెంబర్‌లో విదర్‌స్పూన్‌ను మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు పడేసి గెలిచాడు, బాగుంది. తర్వాత టైసన్‌తో 12 రౌండ్లూ కౌగిలించుకునే గడిపాడు. రిఫరీ పాయింట్లు కోసినా వదల్లేదు. ఛాంపియన్ అయ్యుండి గెలవాలన్న ఆలోచనే లేకుండా రింగ్‌లో ఉండటం నాకు మింగుడుపడదు.

కట్‌మ్యాన్:
1987 టైసన్‌ను వాటేసుకోకుండా నిలబడ్డవాళ్ల గతి ఏమైందో గుర్తుందా? అంతకుముందు నవంబర్‌లో బెర్బిక్ నిలబడ్డాడు. రెండో రౌండ్‌లో లేవబోయి రింగంతా తూలాడు. స్మిత్ చేసింది చూడ్డానికి బాగోదు గానీ తెలివైన పనే.

బెల్లు మోగింది:
వాటేసుకోవడం అంటే జాన్ రూయిజ్ రావాలి కదా. 1996లో డేవిడ్ టువా 19 సెకన్లలో పడేసిన మనిషి, ఐదేళ్లకు ఛాంపియన్. 2003లో మిడిల్‌వెయిట్ నుంచి ఎదిగొచ్చిన రాయ్ జోన్స్ చేతిలో ఓడాడు.

పదో కౌంట్:
రూయిజ్ మ్యాచ్‌లు చూడటం శిక్షే, అందులో వాదన లేదు. కానీ చూడబుద్ధి కాకపోవడం, బలహీనంగా ఉండటం ఒకటి కాదు. హోలీఫీల్డ్‌ను పదకొండో రౌండ్‌లో కింద పడేసి గెలిచాడు. మూడు సార్లు తలపడితే ఒక ఓటమి, ఒక గెలుపు, ఒక డ్రా. తర్వాత రహమాన్, గొలోటా మీద కూడా నెగ్గాడు. అతన్ని ఈ జాబితాలో పెట్టేవాళ్లు ఆ 19 సెకన్లే చూసి ఉంటారు.

నాకు మార్టిన్ తర్వాత ఎవరైనా ఉన్నారంటే బ్రూస్ సెల్డన్. ఫోర్‌మన్ దగ్గర్నుంచి తీసేసిన డబ్ల్యుబిఎ బెల్ట్‌ను 1995లో టోనీ టక్కర్ మీద గెలిచాడు, జో హిప్ మీద నిలబెట్టుకున్నాడు. తర్వాతి ఏడాది సెప్టెంబర్‌లో టైసన్ ఎదుట 109 సెకన్లు. ఆ దెబ్బ తగిలిందా లేదా అని ఇప్పటికీ స్లో మోషన్‌లో చూస్తున్నారు జనం. స్టేడియంలో వాళ్లయితే అక్కడికక్కడే "ఫిక్స్" అని అరిచారు. నాకైతే అది ఫిక్సింగ్‌లా కాదు, భయంలా కనిపించింది.

పాత రీళ్లు:
ఒక్క ప్రశ్న. మార్టిన్‌ను అసలు ఛాంపియన్ అని ఎందుకు లెక్కేస్తున్నారు? అప్పటికి ఫ్యూరీని రింగ్‌లో ఎవరూ ఓడించలేదు. నాలుగు సంస్థలు నాలుగు బెల్ట్‌లు పంచితే నాసివాళ్లు దొరక్క ఏం చేస్తారు? ఆ లెక్కన సెల్డన్, స్మిత్ కూడా పోతారు. రింగ్‌లో ఒకరి నుంచి ఒకరికి వచ్చిన టైటిల్ వరకే చూద్దాం. అప్పుడు చెప్పండి.

కట్‌మ్యాన్:
అలాగైతే మార్విన్ హార్ట్. అప్పటి ఛాంపియన్ జెఫ్రీస్ రిటైరై, తానే రిఫరీగా నిలబడి, 1905లో హార్ట్‌కీ జాక్ రూట్‌కీ పోటీ పెడితే వచ్చిన టైటిల్ అది. ఎనిమిది నెలలు తిరక్కుండానే టామీ బర్న్స్‌కి పోయింది.

సౌత్‌పా:
అదే ఏడాది మార్చిలో హార్ట్, తర్వాత ఛాంపియన్ అయిన జాక్ జాన్సన్ మీద 20 రౌండ్లు ఆడి గెలిచాడు సార్. రిఫరీ తీర్పు మీద వాదనలున్నాయి, అయినా జాన్సన్ జాన్సనే కదా.

పదో కౌంట్:
సరే, పాత రీళ్లు గారి షరతు ఒప్పుకుంటున్నా. మార్టిన్‌ను పక్కన పెడతా. అప్పుడు నా ఓటు జెస్ విలార్డ్‌కి. 1915లో 37 ఏళ్ల జాన్సన్‌ను ఓడించాడు. తర్వాత నాలుగేళ్లకు పైగా టైటిల్ దగ్గర పెట్టుకుని ఆడింది ఫ్రాంక్ మోరన్‌తో ఒక్క పది రౌండ్ల మ్యాచ్, దానికీ విజేత లేడు. 1919లో డెంప్సీ మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు.

పాత రీళ్లు:
విలార్డా?! హవానా ఎండలో 26 రౌండ్లు నిలబడి జాన్సన్‌ను నాకౌట్ చేసినవాడు కార్నేరా కంటే నాసా? "అతి పెద్ద గెలుపు ఏది" అని కొలబద్ద పెట్టింది మీరే కదండీ. ముందు మీ కొలబద్ద ప్రకారం విలార్డ్ ఎక్కడ ఉంటాడో చెప్పండి, తర్వాత ఓటేయండి.