ఈ వారం సమస్య: "జోడు లేనివాఁడు జోడు విప్పె"

నిర్వాహకుడు

నిన్న సాయంత్రం బూట్లు విప్పుతుంటే ఈ పాదం నోటికొచ్చింది. రాత్రంతా వదల్లేదు. ఇది నాలుగో పాదంగా వచ్చేలా ఒక ఆటవెలది పద్యం రాయండి.

*జోడు లేనివాఁడు జోడు విప్పె*

విషయం: మగవాళ్ళు రోజూ వేసుకునేవి, తగిలించుకునేవి. బూట్లు, చెప్పులు, సంచి, బెల్టు, పర్సు, కళ్ళజోడు, ఏదైనా సరే. ఎప్పుడో ఒకసారి తొడిగే ముస్తాబు వద్దు. పోయిన నెల సమస్య "వీపు మోయు బరువు వేళ్లు మోసె"కు నేలచూపు గారు రాసిన సంచి పద్యం దగ్గర మొదలైన తగాదాను ఇక్కడికి మోసుకురావద్దని మనవి.

నేలచూపు

*మార్చి తొడుగ నింట మఱియొక్క జత లేక*
*చెమటఁ దడిసి తోలు చిట్లు ననుచు*
*గాలి సోఁకునట్లు కాసంత సేపైన*
*జోడు లేనివాఁడు జోడు విప్పె.*

మొదటి జోడు రెండో జత, రెండో జోడు కాలికున్న బూట్లు. పాదానికి పట్టిన చెమటను రోజంతా తోలే పీలుస్తుంది. తడి ఆరకముందే మళ్ళీ తొడిగితే మడత పడేచోట ముందు గీతలు, తర్వాత పగుళ్ళు వస్తాయి. అందుకే ఒకే జత ఉన్నవాడి మీద నాకు జాలి. పద్యం ఆ జాలితోనే రాశాను.

గండపెండేరం

నడక బాగుంది. "కాసంత సేపైన" వాడుకమాటే అయినా అక్కడ చక్కగా కుదిరింది. కానీ నేలచూపు గారూ, మొదటి పాదంలోనే "మఱియొక్క జత లేక" అనేశారు. ఇక నాలుగో పాదంలో విప్పడానికి ఏం మిగిలింది? చిక్కుముడి చివరిదాకా బిగిసి ఉండాలి. సంచి పద్యంలోనూ మీరు ఇదే చేశారు, రెండో పాదంలోనే పట్టె తెంపేశారు.

తెలిమబ్బు

ఛందస్సులో తప్పులేదు గానీ తోలు విషయంలో ఒక మాట. కాసంత సేపు చాలదు. రోజంతా తొడిగిన తోలు బూటుకు కనీసం ఒక పూర్తి రోజు విరామం కావాలి. లోపల పాదం ఆకారంలో ఉండే దేవదారు చెక్క అచ్చు (షూ ట్రీ) పెడితే తడీ పీలుస్తుంది, ఆకారమూ నిలుపుతుంది. ఎండలోనూ హీటర్ పక్కనా ఆరబెట్టకూడదు, తోలు గట్టిపడి బిర్రబిగుస్తుంది. "గాలి సోఁకునట్లు" అన్నారు చూడండి, ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు సరైనది.

నేలచూపు

"సేపైన"లో "ఐన" ఉంది కదండీ. పూర్తి రోజు ఇవ్వలేని పేదవాడు ఇవ్వగలిగినంత ఇస్తున్నాడు. గండపెండేరం గారి మాట మాత్రం ఒప్పుకుంటాను, గుట్టు ముందే బయటపెట్టాను. ఇక సంచి పద్యం మాట ఎత్తారు కాబట్టి ఆ రెండు పాదాలూ ఇక్కడ పెడతాను, కొత్తవాళ్ళు కూడా చూడనీ:

*ఒక్క భుజమునందె యొరిగిన సంచిలో*
*పట్టె తెగిన వేళ బరువు జారి*

పట్టె తెగడం అక్కడ గుట్టు కాదండీ. "యొరిగిన" దగ్గరుంది అసలు సంగతి. రెండు పట్టెల సంచిని ఒక్క భుజానికే తగిలిస్తే బరువంతా ఆ ఒక్క కుట్టు మీదే పడుతుంది. తెగేది అక్కడే. కారణం మొదటి పాదం, ఫలితం రెండో పాదం. ఆ రోజు మీరు "పట్టె" దేశ్యమా కాదా అని ఇరవై వ్యాఖ్యలు రాశారు, "యొరిగిన" మీద ఒక్కటీ రాయలేదు.

నిర్వాహకుడు

మోసుకురావద్దన్నాను కదా. గండపెండేరం గారూ, మీ పూరణ ఇవ్వండి.

గండపెండేరం

*ముందు మొనలు తేలి మురిపించు బూటులో*
*వ్రేలు నొక్కఁ బొక్కి వెతలఁ బడుచు*
*చేయి పట్టి నడుపఁ జెలియైన లేనట్టి*
*జోడు లేనివాఁడు జోడు విప్పె.*

ఇక్కడ జోడంటే తోడు. చేయందించే మనిషి ఉంటే ఇంకో నాలుగడుగులు కుంటుకుంటూ అయినా వేసేవాడు. ఒంటరివాడు కాబట్టి దారిలోనే విప్పేశాడు.

నేలచూపు

మూడో పాదానికి నమస్కారం. "చెలియైన" అన్న చిన్న మాటతో ఒంటరితనం ఎంత ఉందో తెలిసిపోయింది. ఇది నేను రాయలేకపోయానే అనిపించింది, నిజం.

కానీ నిందంతా మొనదేనా? మొనదేలిన బూటులో వేళ్ళు చివరిదాకా పోవు. సరైన కొలతలో కుట్టిన బూటుకు ముందు కొంత ఖాళీ ఉంటుంది, ఆ మొనలో ఉండేది ఎక్కువగా గాలే. వేలు నొక్కుకుపోయేది బొటనవేలి మొదలు దగ్గర, పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉండేచోట. బూటు వంగే చోటు, పాదం వంగే చోటు ఒకటి కాకపోతే ఏ ఆకారమైనా పొక్కిస్తుంది. గండపెండేరం గారు యతిస్థానాన్ని (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన చోటును) చూసినంత శ్రద్ధగా ఆ కీలును చూసి ఉంటే మొదటి పాదం ఇంకోలా వచ్చేది.

గండపెండేరం

మురిపించడం వరకే మొన పని. నొక్కింది మొన అని ఏ పాదంలో అన్నాను? మళ్ళీ చదవండి.

నేలచూపు

చదివాను. "బూటులో వ్రేలు నొక్కఁ" అన్నారు, మొన నొక్కిందని అనలేదు. నాదే తొందర.

తెలిమబ్బు

*నల్లయద్దములను నలుగురు మెచ్చంగఁ*
*బెట్టి తిరిగె నెండ వేళలందు*
*నీడ చేరి, సొగసు నిండిన మోముతో*
*జోడు లేనివాఁడు జోడు విప్పె.*

సొగసులో సాటిలేనివాడు కళ్ళజోడు తీశాడు. నీడలోనూ నల్లద్దాలు పెట్టుకునేవాళ్ళను చూసి చూసి రాసిన పద్యం.

గండపెండేరం

నాలుగు పద్యాలు చదివినంత ఆనందం ఇచ్చి ఒక్క క్రియ దగ్గర ఆపేశారు. కళ్ళజోడు తీస్తాం, విప్పం. మీరే కింద అర్థం చెబుతూ "తీశాడు" అని రాశారు, చూసుకోండి.

తెలిమబ్బు

చేయి దానంతట అదే రాసేసింది. అయితే మడతలున్న కళ్ళజోడు తెరిచేటప్పుడు "విప్పి పెట్టుకున్నాడు" అనమా?

నేలచూపు

అంటాం, కానీ అది పెట్టుకునేటప్పుడు. మీ పద్యంలో తీస్తున్నాడు. ఈ వారం సమస్యకు ప్రాణం జోడులో లేదు, విప్పెలో ఉంది. చెప్పులు విడుస్తాం. గడియారం తీస్తాం. బూట్లు విప్పుతాం, ఎందుకంటే అక్కడ ముడి ఉంది. ముడి ఉన్నదాన్నే విప్పుతాం. మరి లేసుల్లేని లోఫర్ సంగతేమిటి? కాలు జారిస్తే వచ్చేస్తుంది. దాన్ని కూడా విడవడమే అనాలని నాకనిపిస్తుంది. నార్వే పల్లెల్లో తొడిగిన ముడిలేని జోడు నమూనాతోనే 1936లో అమెరికాలో జి.హెచ్. బాస్ సంస్థ వీజన్స్ అనే లోఫర్లను తెచ్చింది. నార్వీజియన్ అన్న మాట తోక తీసుకుని పెట్టిన పేరది. ముడి పోయింది, పేరులో ముందు అక్షరాలూ పోయాయి. లేసుకు బదులు బకిల్ ఉన్న మాంక్ స్ట్రాప్ బూటును మాత్రం ధైర్యంగా విప్పవచ్చు.

నాలుగోపాదం

*కోరి వచ్చి యడుగఁ గుండలములతోడ*
*నొడలి తోలు వలిచి యొసఁగినట్లు*
*దానగుణమునందు ధరణిలో నెందును*
*జోడు లేనివాఁడు జోడు విప్పె.*

జోడుకు కవచమనే అర్థం ఉంది. కర్ణుడికంటే ఈ పాదానికి తగినవాడు ఇంకెవరు?

గండపెండేరం

అద్భుతం. ఇవాళ్టి అన్ని పూరణల్లో జోడు రెండుసార్లూ ఇంత నిండుగా పలికింది ఇందులోనే. కవచాన్ని విప్పుతాం కూడా, క్రియకూ ఇబ్బంది లేదు.

నిర్వాహకుడు

పద్యం అద్భుతమే. కానీ రోజూ వాడేది అడిగాను. పుట్టుకతో వచ్చిన కవచం ఒకే ఒక్కసారి తీసేది. "ఒడలి తోలు" అని తోలును తెచ్చి విషయానికి దగ్గరవుదామని చూశారు, ఆ ప్రయత్నం నచ్చింది. అయినా పోటీలో లెక్కించలేను.

నాలుగోపాదం

రోజూ ఒంటి మీదున్నదే కదండీ, ఒక్క పూట కూడా తియ్యకుండా తొడుక్కున్నది! సరే, మీ మాటే. పద్యం మాత్రం ఇక్కడ ఉండనివ్వండి.

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. ఇది నా రెండో పద్యం. తప్పులుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

*కుడిది పెద్ద దయ్యె నెడమది చిన్నది*
*ఒకటి బిగిసె నొకటి యూగుచుండె*
*కొలతలు చూడకుండఁ గొన్నట్టి పాపాన*
*జోడు లేనివాఁడు జోడు విప్పె.*

రెండు పాదాలకూ జోడు కుదరనివాడు అని నా ఉద్దేశం.

నాలుగోపాదం

ఊహ కొత్తగా ఉంది బాబూ. కానీ మొదటి పాదంలో "కు"కీ "నె"కీ యతి ఎలా కుదిరింది?

గండపెండేరం

ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం. కుడి, నెడ. రెండుచోట్లా మొదటి అక్షరం లఘువే, రెండో అక్షరంలో డకారమే. ఆటవెలదిలో ఒప్పుతుంది. రెండో పద్యానికే ప్రాసయతి వేసిన కుర్రవాడిని నిలదీసే ముందు ఇంకోసారి చూడాల్సింది.

అసలు తప్పు మూడో పాదంలో ఉంది. "కొలత" దగ్గర గణం అయిపోయింది. ఆ పక్కన "లుచూ" వచ్చింది, లఘువు మీద గురువు. సూర్యగణం (గురువు తర్వాత లఘువు, లేదా మూడు లఘువులు) కాదు. "లు" తీసేసి "కొలత చూడకుండ" అను, సరిపోతుంది.

కొత్తచిగురు

ధన్యవాదాలు గురువుగారూ. కానీ కొలత అని ఏకవచనం పెడితే నా భావం పోతుంది. షాపులో ఒక్క కాలే కొలిచారు, ఆ తప్పు గురించే నా పద్యం. రెండు కాళ్ళకూ రెండు కొలతలు కావాలి.

నేలచూపు

కొత్తచిగురు మాటే నిజం. చాలామందికి రెండు పాదాలూ కొద్దిగా తేడాగానే ఉంటాయి. పెద్ద పాదానికి సరిపోయేది కొనాలి, చిన్నదానిలో పలుచటి అట్ట వేసుకోవాలి. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి కొలతా అప్పుడే తీయాలి. ఇక పద్యంలో మూడో పాదం ఇలా మార్చుకో:

*కొలత లెఱుఁగకుండఁ గొన్నట్టి పాపాన*

కొలతలు అలాగే ఉంది, గణమూ నిలబడింది.

గండపెండేరం

భేష్. నేను అక్షరం తీసి అర్థం చెడగొట్టాను, మీరు క్రియ మార్చి రెండూ నిలబెట్టారు. ఈ ఒక్క సవరణకు సంచి పద్యం మీద నేను రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. "యొరిగిన" బాగుంది. ఒరిగింది సంచా, దాన్ని మోసి మోసి ఒక పక్కకు వాలిన మనిషా అని రెండు రకాలుగా వినిపిస్తోంది. అప్పుడు నాకు వినిపించలేదు.

నేలచూపు

ఈ మాట కోసం నెల రోజులుగా ఎదురుచూస్తున్నాను, దాచుకోను.

కొత్తచిగురుకు ఇంకొక్క సంగతి. 19వ శతాబ్దం మొదటి రోజుల దాకా యూరప్, అమెరికాల్లో చాలా బూట్లను కుడి ఎడమ తేడా లేకుండా ఒకే తిన్నని చెక్క అచ్చు మీద కుట్టేవారు. తొడిగి తొడిగి పాదమే వాటిని కుడిగా, ఎడమగా మార్చుకునేది. ఇప్పుడు షాపుల్లో మడమను ఆనించి కొలిచే లోహపు పలక ఉంటుందే, అలాంటిదాన్ని 1920ల్లో చార్లెస్ బ్రానాక్ తయారుచేశాడు. అది పొడవొక్కటే కొలవదు. వెడల్పూ, మడమ నుంచి వేళ్ళ కీలు దాకా ఉన్న దూరమూ చూపిస్తుంది. ఈసారి రెండు కాళ్ళూ దాని మీద పెట్టమని అడుగు.

నా మొదటి పూరణ గుట్టు ముందే బయటపెట్టిందన్నారు కాబట్టి ఇంకోటి:

*మడమ తొక్కి లాగి మడిచెడి వారిలో*
*ముడిని వదులు చేసి మురువు చెడక*
*మెల్లమెల్లగాను మెలఁకువ గలయట్టి*
*జోడు లేనివాఁడు జోడు విప్పె.*

ఒక బూటు కొసతో రెండో బూటు మడమను తొక్కి లాగేస్తే వెనకభాగం లోపలుండే గట్టి అట్ట నలిగిపోతుంది. ఒకసారి నలిగిందా, మడమను పట్టి ఉంచదు. లేసు పూర్తిగా వదులు చేసి, చేత్తో మడమ పట్టుకుని తీయాలి.

గండపెండేరం

"మెలఁకువ గలయట్టి" అన్నది ఎవరికి అన్వయం? "వాఁడు"కైతే మెలకువ గలిగిన సాటిలేనివాడు. "జోడు"కైతే ఇంత మెలకువ ఉన్న తోడు ఆ గుంపులో ఒక్కడూ దొరకనివాడు.

నేలచూపు

రెండోదే అనుకుని రాశాను. మొదటిది మీరు చూపించారు.

తెలిమబ్బు

ఇందులో ముడీ ఉంది, విప్పడమూ ఉంది. నా కళ్ళజోడు పద్యాన్ని నేనే ఉపసంహరించుకుంటున్నాను.

నిర్వాహకుడు

ఉపసంహరణలు వద్దు, అన్నీ ఉంటాయి. నేలచూపు గారి రెండో పూరణ, గండపెండేరం గారి "చెలియైన", రెండింటి మధ్య ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఆదివారం దాకా గడువు ఇవ్వండి.

కొత్తచిగురు

ఈ సాయంత్రం రెండు పాదాలూ కాగితం మీద గీసి కొలిచాను. నాకు పెద్దది ఎడమదండీ! ఇన్నాళ్ళూ కుడిదనుకున్నాను. మొదటి పాదం మార్చేశాను:

*ఎడమ పెద్ద దయ్యెఁ గుడిపాద మొదిగెను*

ప్రాసయతి నిలిచిందా గురువుగారూ?

గండపెండేరం

నిలిచింది.