బ్రాన్ కోటని 'డ్రాక్యులా కోట' అని అమ్ముకోవడం మోసం కాదా?

ఊరపిచ్చుక:
ఈమధ్యే రొమేనియా వెళ్లొచ్చాను. బ్రషోవ్‌లో బస్సెక్కి బ్రాన్‌లో దిగితే, కోట కన్నా ముందు ఎదురయ్యేవి డ్రాక్యులా మగ్గులు, టీషర్టులు, ప్లాస్టిక్ కోరలు. తీరా లోపలికి పోతే సున్నం కొట్టిన తెల్లటి గదులు, ఎవరో రాణిగారి ఫర్నిచర్. డ్రాక్యులా అని పేరున్న అసలు రాజు వ్లాద్ టెపెష్ ఈ కోటకి యజమాని కాడు. 1897లో రక్తం తాగే డ్రాక్యులా మీద నవల వేసిన బ్రామ్ స్టోకర్ అసలు ఆ దేశంలో కాలే పెట్టలేదు. మరి నేను టికెట్ దేనికి కొన్నట్టు?

పాతసంచి:
మోసం అంటే పెద్ద మాటండీ. స్టోకర్ రొమేనియా రాలేదని కోట వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంది. 2009 నుంచి ప్రైవేట్ మ్యూజియంగా నడుస్తోంది, రిపేర్లకి డబ్బు ఎక్కణ్ణుంచో రావాలిగా. ఆ పేరు లేకపోతే మనం మాత్రం అంతదూరం వెళ్తామా?

ఊరపిచ్చుక:
ఆ వెబ్‌సైట్ నేనూ చూశాను. రాలేదంటూనే, ఈ కోట వర్ణన చదివే రాశాడని కూడా అంటారు. నవలలో కోట బోర్గో కనుమ దగ్గర, ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో ఈశాన్య మూల. బ్రాన్ ఉన్నది దక్షిణపు అంచున. గోడ మీద పిల్లి వాటం!

కొండదారి:
ఇద్దరూ డ్రాక్యులా దగ్గరే ఆగిపోయారు. 1377లో హంగరీ రాజు లాయోష్ అనుమతిస్తే, బ్రషోవ్‌లో స్థిరపడ్డ జర్మన్లు, అంటే సాక్సన్లు, సొంత ఖర్చుతో కట్టుకున్న కోట ఇది. దక్షిణాన ఉన్న పక్క రాజ్యం వలాకియాకి దిగే కనుమకి కాపలా, వచ్చేపోయే సరుకు మీద సుంకం వసూలు, అదీ దీని పని. వ్లాద్ అవతలి వలాకియా పాలకుడు. ఈ సాక్సన్ వర్తకులతోనే అతనికి పడలేదు. బ్రషోవ్ మీద పడి శివార్లు తగలబెట్టి, దొరికినవాళ్లని కొరత వేయించాడు. వాళ్లు కట్టిన కోటకి ఇప్పుడు అతని పేరా!

మీరు తీసిపారేసిన ఆ ఫర్నిచర్ రొమేనియా రాణి మరియాది. 1920లో బ్రషోవ్ నగరం ఆమెకి కోటని కానుకగా ఇచ్చింది. ఆమె కారెల్ లిమాన్ అనే ఆర్కిటెక్ట్‌ని పెట్టి, సైనికుల కోటని వేసవి ఇల్లుగా మార్పించింది. మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకి రాతి గోడల మధ్య ఇరుకు మెట్లదారి ఉంటుంది, భుజాలు రెండువైపులా రాసుకుంటాయి. అందరూ మర్చిపోయిన ఆ దారి, మరమ్మతుల్లో గోడలోని చలిమంట పొయ్యి ఒకటి తీసేస్తే బయటపడింది. 1938లో ఆమె పోయాక కోట కూతురు ఇలియానాకి దక్కింది. 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం లాక్కుని, రాజకుటుంబాన్ని దేశం దాటించింది. 2006లో గానీ ఇలియానా పిల్లల చేతికి తిరిగి రాలేదు. ఇంత కథ పెట్టుకుని జనం డ్రాక్యులా పడుకునే శవపేటిక ఎక్కడుందని వెతుకుతారు.

పాతసంచి:
శవపేటిక కోసం వచ్చినవాడే కదన్నా, రాణి గది కూడా చూసి వెళ్లేది.

మినపట్టు:
నిజంగా వ్లాద్ వాడుకున్న కోటే కావాలంటే ఆర్జెష్ లోయలో పోయెనారి ఉంది. 1480 మెట్లు ఎక్కాలి, పైన మిగిలింది మొండిగోడలే. మా నాన్నగారి మోకాళ్లు ఒప్పుకోక మేం బ్రాన్‌తో సరిపెట్టుకున్నాం. ఎలుగుబంట్లు తిరుగుతున్నాయని దాన్ని మూసేసిన రోజులూ ఉన్నాయి, బయల్దేరే ముందు కనుక్కోండి.

ఊరపిచ్చుక:
కొండదారి గారూ, ఆ మెట్లు నేనూ ఎక్కాను, బాగుంది. కానీ అంగళ్లలో మరియా బొమ్మున్న టీషర్టు ఒక్కటీ కనపడలేదు. మోసం అన్నమాట వెనక్కి తీసుకోను.