వాషింగ్ మెషీన్‌లో నీళ్లు వేడెక్కడం లేదు, హీటరేనా?

ప్రశ్న: ఫ్రంట్ లోడ్ మెషీన్ అండీ, 60 డిగ్రీలు పెట్టినా తలుపు అద్దం చల్లగానే ఉంటోంది. నీళ్లు పడుతున్నాయి, డ్రమ్ తిరుగుతోంది, ఎర్రర్ ఏమీ లేదు, కానీ వాష్ మాత్రం గంటలు గంటలు సాగుతోంది. చంటిపాప బట్టలు, అందుకే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: అంతసేపు సాగుతోందంటే నీళ్లు వేడెక్కేదాకా మెషీన్ ఆగుతోందన్నమాట. ప్లగ్ తీసేసి, హీటర్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ (కరెంటు కొలతలు చూసే మీటర్) ఓమ్‌లలో పెట్టి చూడండి. 230 వోల్టుల మీద నడిచే 2000 వాట్ల హీటరైతే సుమారు 26 ఓమ్‌లు చూపాలి, అసలు రీడింగే రాకపోతే లోపల తీగ తెగినట్టే. హీటర్ టెర్మినల్‌కీ (వైరు తగిలించే కొన) ఎర్త్‌కీ మధ్య రీడింగ్ వస్తే మాత్రం దయచేసి మళ్లీ ఆన్ చెయ్యొద్దు, ప్రమాదం.

జవాబు 2: హీటర్ కొనేముందు డ్రెయిన్ పైపు చూడండి. అది కిందికి జారి ఉంటే నీళ్లు పడుతూనే బయటికి పోతాయి, మట్టం చాలకపోతే హీటర్ ఆన్ అవ్వదు. నేను ఇది చూసుకోకుండా అనవసరంగా హీటర్ మార్చాను.

ప్రశ్న అడిగినవారు: పైపు బాగానే ఉందండీ. మీటర్‌లో ఏమీ రాలేదు, హీటరే పోయింది.

జవాబు 1: అయితే అదే వాటేజీది తెచ్చుకోండి. బిగించేటప్పుడు రబ్బరు సీల్ సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే లీకవుతుంది.